జిలాన్ బాషా పాత నంబరు

జిలాన్ బాషా రెండో పెళ్ళి చేసుకున్న సంగతి తనకల్లులో అందరికంటే ఆఖరున తెలిసింది జిలాన్ బాషాకే. సంతరోజు పొద్దున టీ అంగడి దగ్గర శెనక్కాయల రైతు బయ్యన్న ఆ సంగతి బయటపెట్టాడు. మామూలుగా కాదు, నలుగురిలో నిలదీశాడు.

“ఏమప్పా బాషా, చేసుకుంటే చేసుకున్నావు, మాకు ఒక మాట చెప్పకూడదా? పరుపు ఏకించల్లని ఫోను చేస్తే ఎవురో ఆడమనిషి ఎత్తి, ఇంగొకసారి చేస్తే పోలీసోళ్ళకు చెప్తానని కసిరింది.”

బాషా ముందు నవ్వాడు. యాభై ఆరేళ్ళ మనిషి, భార్య ముంతాజ్ పోయి రెండేళ్ళు, ఒకపూట వండుకొని రెండుపూటలా తినేవాడు, ఇతనికి పెళ్ళేమిటి? కానీ బయ్యన్న పరాచికాలాడే రకం కాదు. నవ్వితే ఎవరైనా పన్ను వేస్తారేమో అన్నట్టు ఉంటాడు. పైగా పక్కన కూర్చున్న మరో ఇద్దరు కూడా తలలూపారు. వాళ్ళూ ఫోను చేశారట, వాళ్ళకూ ఆ ఆడమనిషే తగిలిందట.

అప్పుడు బాషాకు ఒక్కొక్కటే గుర్తుకు వచ్చింది. కొన్ని నెలలుగా తాను వస్తూంటే మాటలు ఆపేసే మనుషులు, “వంట ఎవురు చేస్తాండారు బాషా?” అని రాగం తీసే పక్కింటి ముసలమ్మ, పిల్లనిస్తామని వచ్చినట్టు ఇల్లంతా కళ్ళతో వెతికిపోయిన చుట్టాలు. ఒక్కోదానికి ఒక్కో కారణం అనుకుంటూ వచ్చాడు. ఇప్పుడు చూస్తే అన్నిటికీ కారణం ఒక్కటే, అదీ తన జేబులోనే ఉంది.

జేబులోంచి ఫోను తీశాడు. బటన్ల ఫోను. దాని నడుముకు ఎర్రదారం చుట్టి ఉంది. ఛార్జింగు నిండుగా ఉంది. ఆఖరుసారి ఎప్పుడు మోగిందో గుర్తు చేసుకోబోతే గుర్తు రాలేదు. ఎవరో తనను ఏదో చేశారన్న అనుమానం అప్పుడే పుట్టింది.

బాషా వాళ్ళు దూదేకులవాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, తండ్రిని నాయనా అనే పిలుస్తారు, నమాజూ చేస్తారు, పీర్లకూ మొక్కుతారు. ఉర్దూ మాట్లాడేవాళ్ళలో కొందరు మీరేం సాయిబులని వీళ్ళను చూసి నవ్వుతారు. మిగతా ఊరు మాత్రం వీళ్ళను సాయిబులనే పిలుస్తుంది. ఈ సంగతి గురించి బాషా ఎన్నడూ బెంగపడలేదు. దిండు కావలసిన తలలన్నీ తనకు ఒకటే అనేవాడు.

అతని తండ్రి కాలంలో దూది ఏకే విల్లు భుజాన వేసుకొని, వీధి మొదట్లో నిలబడి దాని నరాన్ని మీటితే చాలు, ఆ టుంయ్‌మనే మోతకు ఆడవాళ్ళు పాత పరుపులు బయటికి మోసుకొచ్చేవాళ్ళు. పేరు అడిగే పనే లేదు. బాషా చేతికి వచ్చేసరికి విల్లు పోయి మిషను వచ్చింది. మిషనుకూ మోత ఉంది గానీ, అది దూది మోతో పిండిమర మోతో ఎవరికీ తెలియదు. అందుకని పద్నాలుగేళ్ళ కిందట ఫోను కొన్న వారంలోనే బాషా కదిరికి వెళ్ళి రబ్బరు ముద్ర చేయించాడు. అప్పటినుంచి కుట్టిన ప్రతి పరుపుకూ, ప్రతి దిండుకూ లోపలి గుడ్డ మూలన తన నంబరు గుద్ది, పక్కన ఆ సంవత్సరం వేసేవాడు. పేరు వేయలేదు. తనకల్లు నుంచి కదిరి దాకా ఎన్ని తలల కింద ఆ పది అంకెలు ఉన్నాయో అతనికే తెలియదు.

మనిషి పేరు మరిచినా పరవాలేదు, పరుపు మూల తిప్పి చూస్తే దొరుకుతాడు. నిజం చెప్పాలంటే బాషాకు తన పేరు మీదకంటే నంబరు మీదే ఎక్కువ మమకారం ఏర్పడింది. జిలాన్ బాషాలు జిల్లాలో ఎందరైనా ఉంటారు, ఈ అంకెలు మాత్రం తన ఒక్కడివే అని ధైర్యం. ఆ ధైర్యం ఎంత పలచనిదో పాపం అతనికి తెలియదు.

అతనికి ఒక్కతే కూతురు, ఆరీఫా. గుంతకల్లులో రైల్వే పని చేసే ముబారక్‌కు ఇచ్చి చేశాడు. అల్లుడు మంచివాడే. అల్లుడి తండ్రి మాత్రం గట్టి పట్టుదల మనిషి, ఇంట్లో అంతా ఉర్దూ. పీర్ల పండుగన్నా, మొహర్రంలో మొక్కుకొని మెడలో ఎర్రదారం వేసుకొనే ఫకీరు కట్టడమన్నా ఆయనకు ఒళ్ళు మంట. ముంతాజ్ పోయిన నలభయ్యో రోజు ఫాతిహా చదివించే చోట, బంధువులందరి ముందూ ఆయన ఒక మాట జారాడు, దూదేకులవాళ్ళకు చావుకు ఏం చదవాలో కూడా తెలియదని. ఇల్లాలు పోయిన మనిషి ఆ మాట ఎట్లా ఓర్చుకుంటాడు? బాషా ఓర్చుకోలేదు. చేతిలోని అన్నం పళ్ళెం ఎత్తి నేలకు కొట్టాడు, వియ్యంకుణ్ణి గడప దాటమన్నాడు. గడప దాటిన వియ్యంకుడు కోడలినీ వెంట దాటించుకొని పోయాడు.

పోతూ పోతూ ఆరీఫా తండ్రి చెవిలో చెప్పింది. “నాయనా, నువ్వు ఫోను చేయొద్దు. చేస్తే ఇంట్లో రభస అయితాది. కుదిరినప్పుడు నేనే చేస్తా. నీ నంబరు నాకు నోటికి వచ్చు.”

ఆ మాట పట్టుకొని బాషా ఏం చేశాడో వినండి. ఆ ఏడు మొహర్రంలో ఫకీరు కట్టుకొని పీర్ల చావిడి ముందు మొక్కుకున్నాడు, కూతురు దగ్గరనుంచి ఫోను వచ్చేదాకా ఈ ఫోనుతో తాను ఎవరికీ చేయనని. మెడలో వేసిన ఎర్రదారంలో కొంత తెంపి ఫోనుకు కట్టాడు. మొక్కుకున్నవాళ్ళు మాంసం మానేస్తారు, చెప్పులు మానేస్తారు. ఇతను ఫోను మానేశాడు. రోజూ ఛార్జింగు పెట్టడం, తుడవడం, జేబులో వేసుకోవడం, అంతవరకే. వాడకుండా దాచిన వస్తువు అరగదని అతని నమ్మకం. వాడనిదానికి రీఛార్జి ఎందుకని అదీ మానేశాడు.

ఇంగ్లీషులో సందేశాలు వచ్చాయి, వచ్చి వచ్చి ఆగిపోయాయి. గిరాకీల ఫోన్లు ఆగిపోతే కరువని సరిపెట్టుకున్నాడు. శెనక్కాయ మొలక నేలలోనే మాడిపోయిన ఏడు పరుపులెవరు కుట్టిస్తారు? కూతురు చేయకపోవడానికి మాత్రం ఏ సాకూ సరిపోలేదు. మామ మాట విని తనను వదిలేసిందని లోలోపల అనుమానపడ్డాడు. కన్నబిడ్డను అనుమానించినందుకు తనను తానే తిట్టుకున్నాడు. తెల్లారితే మళ్ళీ అనుమానించాడు.

ఇప్పుడు సంత నుంచి నేరుగా యేసన్న రీఛార్జి అంగడికి పోయాడు. యేసన్న ఫోను అటూ ఇటూ తిప్పి, సిమ్ము చచ్చి ఏడాది పైనే అయిందన్నాడు. రీఛార్జి లేని నంబరును కంపెనీవాళ్ళు కొన్నాళ్ళు చూసి తీసేస్తారని, కొన్నాళ్ళు ఆగి ఇంకొకరికి ఇస్తారని, అది అందరికీ ఉన్న పద్ధతేనని విడమరిచాడు. పద్నాలుగేళ్ళు నాది అయినది ఇంకొకరిది ఎట్లా అవుతుందని బాషా అడిగాడు. నీ మొక్కు సంగతి కంపెనీకి ఎట్లా తెలుస్తుందని యేసన్న అడిగాడు. 

తర్వాత యేసన్న తన ఫోనులో దుడ్లు పంపే యాప్ తెరిచి ఆ పది అంకెలూ కొట్టాడు. తిరుపాలమ్మ అని పేరు వచ్చింది. పక్కనే గుండ్రంగా చిన్న ఫోటో. దాన్ని పెద్దది చేశాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, ఆకుపచ్చ చీర, వెనకాల మహిళా సంఘం బోర్డు, దాని కింద సోమందేపల్లె అన్న అక్షరాలు.

“చూడన్నా, నీ నంబరు కొడితే ఈమె వస్తాంది. ఇంగ లోకానికి నువ్వంటే ఈమేనే” అన్నాడు యేసన్న.

అతను తమాషాకు అన్నాడు. బాషాకు అది తమాషాగా తోచలేదు. ఎరగని ఊళ్ళో ఎరగని ఆడమనిషి తన అంకెల్లో నిలబడి నవ్వుతోంది. ఇది ఊరికే జరిగేది కాదనిపించింది. తన గిరాకీలను ఎవరో లాక్కున్నారా? తన పేరు మీద ఇంకేమైనా చేస్తున్నారా? వియ్యంకుడికి రైల్వేలో పలుకుబడి ఉంది, కూతురు ఫోను చేయకుండా ఆయనే ఈ ఏర్పాటు చేయించాడా? అనుమానం వచ్చిన మనిషికి ఆధారాలు కొదవా? అన్నీ ఆధారాలే.

ఆ మర్నాడు జరిగినదానితో అనుమానం ఇంకా ముదిరింది. రేషన్ కార్డులోనుంచి ముంతాజ్ పేరు తీయించమని ఎన్నాళ్ళుగానో చెబుతూంటే గ్రామ సచివాలయానికి పోయాడు. అక్కడ పనిచేసే పద్మప్రియ అనే అమ్మాయి మర్యాదగానే కూర్చోబెట్టి, మీ ఫోనుకు ఓటీపీ వస్తుంది, చెప్పండి అంది. బాషా ఫోనుకు ఏం వస్తుంది? అది సోమందేపల్లెకు పోయింది. నేనే జిలాన్ బాషానని, నన్ను చూసి రాసుకోమని బ్రతిమాలాడు. మీరు ఎవరో నాకు తెలుసు గానీ అది ఒప్పుకోదని ఆ అమ్మాయి కంప్యూటరు వైపు చూపింది. ఎదురుగా కూర్చున్న మనిషిని కాదని, ఎక్కడో ఉన్న ఫోనును అడుగుతోంది ఆ పెట్టె. ఇది బాషాకు అన్యాయంగా తోచింది, నాకూ అలాగే తోస్తుంది.

యేసన్న దగ్గర కొత్త సిమ్ము తీసుకున్నాడు. మొక్కు పాత నంబరు మీదది, నంబరే పోయాక మొక్కెక్కడిదని పీరుకు మనసులోనే నచ్చజెప్పాడు. ముందు ముబారక్ నంబరుకు చేశాడు. అది ఏనాడో మారిపోయింది. రోషం దిగమింగుకొని గుంతకల్లు రైలెక్కాడు. రైల్వే క్వార్టర్సులో ఆ ఇంట్లో వేరేవాళ్ళు ఉన్నారు. ముబారక్‌కు బదిలీ అయిందని, తల్లిదండ్రులతో సహా వెళ్ళిపోయాడని, ఏ ఊరో సరిగా తెలియదని చెప్పారు. అంటే ఆరీఫాకు తండ్రిని చేరే దారి ఒక్కటే మిగిలింది, ఆ పది అంకెలు. అవి ఇప్పుడు తిరుపాలమ్మ చేతిలో ఉన్నాయి.

ధైర్యం చేసి తన పాత నంబరుకు తానే ఫోను చేశాడు. అవతల ఆడగొంతు. జిలాన్ బాషాను మాట్లాడుతున్నానని చెప్పాడో లేదో, “నీ పరుపులు పాడుగాను, నా కాపురం కూలుస్తాండావు గదప్పా” అని కట్ చేసింది. మళ్ళీ చేస్తే మోగనే లేదు.

అంత కోపం తనమీద ఆమెకెందుకు? తప్పు చేసినవాళ్ళే ముందు అరుస్తారని బాషా తీర్మానించుకున్నాడు. ఇంట్లో ముంతాజ్ తల పెట్టుకున్న దిండును గోతంలో కట్టుకొని బస్సెక్కాడు. ఎందుకైనా మంచిది, సాక్ష్యం ఉండాలి. కదిరిలో ఒక బస్సు, గోరంట్లలో ఒక బస్సు మారి, హైవే పక్కన సోమందేపల్లెలో దిగేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. సంఘం తిరుపాలమ్మ ఇల్లు అంటే పాన్ అంగడివాడే చూపించాడు.

అరుగు మీద ఒక మనిషి బోరు మోటారు విప్పుకొని కూర్చున్నాడు. ఆమె భర్త చెన్నప్ప. తిరుపాలమ్మ ఇల్లు ఇదేనా అని బాషా అడిగితే, నువ్వెవరని తలెత్తకుండానే అడిగాడు.

“తనకల్లు నుంచి వచ్చినా. నా పేరు జిలాన్ బాషా.”

చెన్నప్ప చేతిలోని పానాను మెల్లగా కింద పెట్టాడు. లేచి నిలబడ్డాడు. “వచ్చినావా? ఏడాది నుంచి నీ కోసమే చూస్తాండా” అన్నాడు.

ఆ చూపుకు బాషా రెండడుగులు వెనక్కు వేశాడు. తాను దొంగను పట్టుకోవడానికి వచ్చాడు, ఇక్కడేమో తననే దొంగగా చూస్తున్నారు. చెన్నప్ప ఏడాది కడుపులో పెట్టుకున్నదంతా కక్కేశాడు. తన భార్య ఫోనుకు రోజూ ఎవడో ఒక మగవాడు చేస్తాడట. బాషా ఉండాడా అంటాడట. ఇది బాషా ఫోను కాదంటే నమ్మడట, పరుపు ఎప్పుడు తెస్తావని అడుగుతాడట. పెళ్ళాన్ని పట్టుకొని పరాయి మగాళ్ళు పరుపు సంగతి అడుగుతూంటే ఏ మొగుడు ఊరుకుంటాడు? బాషా అనే పేరు ఆమె ఎన్నడూ వినలేదని ఒట్లు వేసిందట, ఒట్లు వేసేకొద్దీ ఇతనికి అనుమానం ఎక్కువైందట. రెండుసార్లు ఫోను లాక్కున్నాడు, ఒకసారి పుట్టింటికి పొమ్మన్నాడు.

గొడవ విని తిరుపాలమ్మ బయటికి వచ్చింది. ఫోటోలో ఉన్న నవ్వు మొహంలో లేదు. బాషాను కింది నుంచి పైదాకా చూసి, “ఈయప్పేనా? నా నాయన వయసుండాది” అంది, బాషాతో కాదు, మొగుడితో.

బాషా ఇక మాటలు పెంచలేదు. గోతం విప్పి దిండు తీశాడు. ఒక మూల కుట్టు పళ్ళతో కొరికి తెంపి, లోపలి గుడ్డ బయటికి తిప్పి చెన్నప్ప చేతికిచ్చాడు. పది అంకెలు, పక్కన సంవత్సరం. తొమ్మిదేళ్ళ కిందటిది. చెన్నప్ప అంకెల మీద వేలు పెట్టి ఒకటొకటే చదివాడు. మళ్ళీ చదివాడు. తొమ్మిదేళ్ళ కిందట తన భార్య చేతిలో ఫోనే లేదు. ఇప్పుడీ నంబరు ఆమె కోరి తెచ్చుకున్నది కాదు, అంగట్లో వాళ్ళు ఇచ్చింది. చెన్నప్ప భార్య మొహం వైపు చూడలేక మోటారు వైపు చూశాడు.

“ఈ ఒక్క దిండు చూసి నమ్మినావు. పన్నెండేండ్లు కాపురం చేసిన దాన్ని, నన్ను నమ్మలేదు” అంది తిరుపాలమ్మ. ఏడవలేదు. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి బాషాకు ఇచ్చింది.

నీళ్ళు తాగి బాషా తన నంబరు తనకిమ్మని అడిగాడు. ఆమె కుదరదంది. తన పేరు మీద, తన కార్డుతో, జీవితంలో మొదటిసారి సొంతంగా తీసుకున్న నంబరు అది. సంఘం కాగితాలన్నిటిలో అదే ఉంది. నీ కష్టం నాకు తెలిసింది గానీ, నీ కోసం నేను లేకుండా పోవాలా అని అడిగింది. ఆమె అడిగింది న్యాయమేనని బాషా ఒప్పుకున్నాడు. అప్పుడు అసలు సంగతి అడిగాడు. వయసులో ఉన్న ఆడపిల్ల ఎవరైనా ఫోను చేసిందా?

తిరుపాలమ్మ ఆలోచించింది. చేసిందన్నా అంది. మూడుసార్లు చేసింది. మొదటిసారి నాయనా అని, తన గొంతు వినగానే పెట్టేసింది. రెండోసారి, నువ్వెవరు, ఆ ఇంట్లోకి ఎప్పుడొచ్చావు అని నిలదీసింది. తాను కూడా అప్పటికే విసిగి ఉండి నోటికొచ్చినట్టు తిట్టింది. మూడోసారి మొన్న ఎండాకాలంలో. ఏమీ మాట్లాడలేదు. వెనకాల పసిబిడ్డ ఏడుపు మాత్రం వినబడింది. ఆ రోజే ఆ నంబరును కూడా బ్లాకు చేసేసింది.

బాషా అరుగు మీద కూలబడ్డాడు. కూతురు తనను వదిలేసిందని రెండేళ్ళు కుమిలాడు. కూతురేమో, తల్లి పోయిన ఇంట్లో తండ్రి ఇంకొకర్ని తెచ్చిపెట్టుకొని తనతో చెప్పలేదని అనుకొని ఉంటుంది. పసిబిడ్డ. తనకు చెప్పడానికే చేసిందేమో. ఎవరికి చెప్పింది? ఎవరికీ చెప్పలేదు.

ఆమె బ్లాకు చేసిన నంబర్లన్నీ ఫోనులో అలాగే ఉన్నాయి, అరవై దాకా. ఏది ఎవరిదో పేర్లు లేవు. అన్నీ బాషా కోసం వచ్చి వెనక్కు పోయినవే. తిరుపాలమ్మ ఒక్కొక్కటి చదవడం, బాషా తన కొత్త ఫోనులో దాన్ని కొట్టడం మొదలుపెట్టారు. చదివిన ప్రతిదాన్నీ ఆమె బ్లాకు తీసేస్తూ వచ్చింది, ఇకమీదట ఎవరు చేసినా బాషా కొత్త నంబరు చెబుతానని. కదిరి నుంచి ఒకాయన రెండు బొంతలు ఏకాలన్నాడు. గాండ్లపెంట నుంచి ఒకామె బతికే ఉన్నావా అని ఆశ్చర్యపడింది. ఒకడు బాషా అనగానే ఉత్తపుణ్యానికి తిట్టాడు. చెన్నప్ప మోటారు పని పక్కన పెట్టి, అయిపోయిన నంబర్లకు బొగ్గుతో గోడ మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు.

నలభై రెండో గీత దగ్గర అవతల ఆడగొంతు పలికింది. హలో అన్న ఒక్క మాటకే బాషా గుర్తుపట్టాడు. “పాపా, నేను. నాయనను.”

అవతలనుంచి ఆరీఫా మాట వచ్చింది, మెల్లగా, గట్టిగా. “మా నాయన నంబరు నాకు నోటికి వచ్చు. ఇది గాదు. ఇప్పుడు గొంతులు గూడా దొంగిలిస్తాండారని మా ఆయన చెప్పినాడు. ఎవురు మీరు? ఆయన గొంతు మీకెట్లా వచ్చింది?”

బాషా ఇంకా ఏదో చెప్పబోయేలోగా లైను కట్టయింది. మళ్ళీ చేశాడు. మోగలేదు. మళ్ళీ చేశాడు. తిరుపాలమ్మకు అర్థమైంది, ఆ పిల్ల కూడా తాను చేసిన పనే చేసిందని. బాషా ఫోను ఒళ్ళో పెట్టుకొని దాని వైపే చూస్తూ ఉండిపోయాడు. సొంత కూతురు సొంత గొంతును దొంగ సొత్తు అన్నాక మనిషి దగ్గర చూపించడానికి ఇంకేం మిగులుతుంది? అతనికి ఏడుపు కూడా రాలేదు.

తిరుపాలమ్మ చేతిలోని ఫోను మోగింది.

ముగ్గురూ నంబరు చూశారు. ఇప్పుడే కట్టయిన నంబరే. కొత్త నంబరును నమ్మని పిల్ల పాత నంబరుకు చేసి చూస్తోంది. తిరుపాలమ్మ ఎత్తబోయి ఆగిపోయింది. తన గొంతు వింటే ఆ పిల్ల నాలుగోసారీ పెట్టేస్తుంది. బాషా గొంతు వింటే దొంగ అంటుంది. మోత ఆగేలోగా ఆమె ఫోనును మొగుడి చేతిలో పెట్టేసింది.

ఏడాదిపాటు ఆ ఫోను మోగితే చాలు పళ్ళు నూరిన మనిషి దాన్ని చెవికి పెట్టుకొని గొంతు సవరించుకున్నాడు.

“అమ్మా, నేను సోమందేపల్లె చెన్నప్పను. ఈ నంబరు ఇప్పుడు నా భార్యది, కంపెనీవాళ్ళు ఇచ్చినారు. నువ్వు ఏమనుకున్నావో నేనూ అదే అనుకున్నా, ఏడాది పొడుగునా. తప్పుగా అనుకున్నా. మీ నాయన ఈ పొద్దే మొదటిసారి మా గడపకు వచ్చినాడు, నిన్ను వెతుక్కుంటా. ఆయప్పకు ఇస్తాండా. పెట్టొద్దు.”

బాషా ఫోను అందుకున్నాడు. ఎవరని అవతల ఆరీఫా అడిగింది. గొంతులో ఇంకా నమ్మకం లేదు. పేరు చెబితే దొంగ కూడా పేరు చెబుతాడు. ఊరు చెబితే ఊరూ చెబుతాడు. ముంతాజ్ సంగతి చెబుదామా అనుకుంటూండగా, అవతల బిడ్డ ఏడుపు వినబడింది. చిన్నగా మొదలై, పెద్దదై, గుక్క పట్టింది. వింటూ వింటూ బాషాకు ఒళ్ళు మండింది.

“బిడ్డ అట్ల గుక్క పట్టి ఏడుస్తాంటే ఫోను పట్టుకోని నిలబడుకోనుండావా? బుద్ధుండాదా నీకు? ముందు బిడ్డను ఎత్తుకో పో. నేను యాడికీ పోను, ఈడనే ఉంటా.”

అవతలనుంచి వచ్చింది నవ్వో ఏడుపో బాషాకు తెలియలేదు.

“పెట్టొద్దు నాయనా, వస్తా ఉండు” అంది ఆరీఫా. ఫోనును ఎక్కడో పెట్టిన చప్పుడు, పరుగెత్తిన అడుగుల చప్పుడు వినబడ్డాయి.

బాషా పెట్టలేదు. తిరుపాలమ్మ ఫోనును రెండు చేతులతో చెవికి అదుముకొని, మనవడో మనవరాలో ఇంకా తెలియని ఆ బిడ్డ ఏడుపు తగ్గేదాకా అట్లాగే కూర్చున్నాడు.